గోదాముకు పొగగొట్టం ఉండదు: నెల్లూరు, ప్రకాశం తీరంలో నిల్వ కేంద్రాలను ఎలా కొలవాలి

కృష్ణపట్నం రేవు 2008లో పని మొదలుపెట్టింది. అప్పటి నుంచి ముత్తుకూరు మండలంలో పొలం గట్ల పక్కన కనిపించేవి మారిపోయాయి. బొగ్గు యార్డులు వచ్చాయి. నేలటూరు, పైనంపురం వైపు థర్మల్ కేంద్రాలు, వాటి వెనక బూడిద చెరువులు వచ్చాయి. పంటపాళెం పరిసరాల్లో పామాయిల్ శుద్ధి కర్మాగారాలు, వాటిని ఆనుకొని వరుసలు తీరిన నూనె ట్యాంకులు లేచాయి. ఉత్తరాన గుడ్లూరు మండలంలో రామాయపట్నం రేవుకు 2022 జూలైలో శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కలే భారత్ పెట్రోలియం చమురుశుద్ధి కర్మాగారం ప్రతిపాదన ఉంది. రేవున్న చోట నిల్వ తప్పదు. ఓడ ఒక్కసారిగా దించిన సరుకును రైళ్లు, లారీలు రోజుల తరబడి మోయాలి. ఆలోపు అది ఎక్కడో ఒకచోట కుప్పగానో, ట్యాంకులోనో, గోదాములోనో ఉండాలి. కాబట్టి ఈ తీరంలో భూమి కోసం వచ్చే ప్రతిపాదనల్లో నిల్వ కేంద్రాల వాటా ఇకపై పెరుగుతుందని అనుకోవడమే సమంజసం.

ఫ్యాక్టరీ వస్తుందంటే ఊరు అడిగే ప్రశ్నలు తెలిసినవే. పొగ ఎంత, వ్యర్థజలం ఎటు, ఉద్యోగాలు ఎన్ని. నిల్వ కేంద్రం వస్తుందంటే ఈ ప్రశ్నలు సగం ఆగిపోతాయి. అక్కడ తయారయ్యేది ఏమీ లేదు కదా అంటారు. దరఖాస్తులోనూ కాలుష్యం గడులన్నీ దాదాపు ఖాళీగా, ఏ అభ్యంతరానికీ తావు లేనట్టుగా కనిపిస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. నిల్వ కేంద్రం చేసే నష్టంలో ఎక్కువ భాగం దాని గోడల లోపల జరగదు. అది నేల మట్టాన్ని మారుస్తుంది, వాన నీటి దారిని మారుస్తుంది, లారీల దారిని మారుస్తుంది, చుట్టూ ఉన్న భూమి ఇకపై దేనికి పనికొస్తుందో దాన్నీ మారుస్తుంది. ప్రమాదం జరిగితే దాని ప్రభావం ప్రహరీ దగ్గర ఆగదు. అనుమతి కోసం ఇచ్చే పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలు మాత్రం ఎక్కువగా ప్రహరీ లోపలి లెక్కలతోనే నిండి ఉంటాయి. కొలిచే చోటూ, కొలిచే కాలమూ తప్పితే ఎంత లావు నివేదికైనా ఆ ఊరికి పనికిరాదు.

చట్టం ఎక్కడ ఆపి చూస్తుంది

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ప్రమాదకర రసాయనాలను విడిగా నిల్వ చేసే కేంద్రాలకు 6(బి) అనే ప్రత్యేక అంశం ఉంది. ఏ సరుకు ఎంత దాటితే పర్యావరణ అనుమతి కావాలన్నది 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల పట్టికలను బట్టి తేలుతుంది. విడిగా నిల్వ చేసే క్లోరిన్‌కు మొదటి హద్దు 10 టన్నులు. అమ్మోనియాకు 60 టన్నులు. ఈ నియమాల్లో చాలామంది గమనించని మాట ఒకటి ఉంది. ఒకే యజమానికి చెందిన నిల్వలు 500 మీటర్ల లోపు దూరంలో ఉంటే వాటన్నిటినీ కలిపి లెక్కించాలి. ఒకే యజమాని అన్న మాట ముఖ్యం. పక్కపక్కనే ముగ్గురు వేర్వేరు యజమానులు తలా కొంత నిల్వ పెట్టుకుంటే ఆ మూడూ ఒక లెక్కలోకి రావు. అగ్నికి మాత్రం యజమానులెవరో తెలియదు. రేవు చుట్టూ ట్యాంకులు ఇలాగే పెరుగుతాయి కాబట్టి మొదటి దరఖాస్తు వచ్చినప్పుడే పక్క సర్వే నంబర్లలో ఇప్పటికే ఏమున్నాయి, ఇంకా ఏమేం ప్రతిపాదనలు ఉన్నాయి అని అడగాలి. ఆ జాబితా లేని నివేదిక అసంపూర్ణమే.

రసాయనాలు లేని మామూలు గోదాములకు దారి వేరు. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటిన భవనాలకు పర్యావరణ అనుమతి కావాలి. పారిశ్రామిక షెడ్లకు దీన్నుంచి మినహాయింపు ఇచ్చిన నిబంధనను సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో కొట్టేసింది. దీనివల్ల పెద్ద గోదాములకు మినహాయింపు చూపించి తప్పుకోవడం ఇకపై అంత సులభం కాదు.

పారిశ్రామిక పార్కుల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. పర్యావరణ అనుమతి పొందిన పార్కు లోపల వచ్చే యూనిట్లకు విడిగా ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. పార్కు మొత్తానికి ఒక్కసారి జరిగే సభే ఊరికి దక్కే అవకాశం. ఆ సభ జరిగే నాటికి లోపల ఎవరొస్తారో, ఏం నిల్వ చేస్తారో పార్కు పెట్టేవాళ్లకే పూర్తిగా తెలియకపోవచ్చు. అందువల్ల ఆ రోజున అడగాల్సింది ఏం వస్తుందని కాదు. ఏవి రాకూడదో ఆ జాబితా అనుమతి పత్రంలో రాయించాలి.

మెరక చేసిన నేల

తీరంలో నిల్వ కేంద్రానికి మొదట జరిగే పని మెరక చేయడం. కృష్ణపట్నం, రామాయపట్నం రెండింటి చుట్టూ భూమి పల్లం. సరుకు తడవకూడదు కాబట్టి నేల ఎత్తు పెంచుతారు. పర్యావరణంపై నిల్వ కేంద్రం వేసే అన్నిటికన్నా పెద్ద ముద్ర ఇదేనని చెప్పొచ్చు. నివేదికల్లో మాత్రం దీనికి దక్కేది రెండు మూడు వాక్యాలు.

లెక్క వేసి చూద్దాం. 100 ఎకరాలంటే సుమారు 4.05 లక్షల చదరపు మీటర్లు. మీటరున్నర ఎత్తు మెరక చేయాలంటే 6 లక్షల ఘనపు మీటర్లకు పైగా గ్రావెల్ కావాలి. ఒక టిప్పర్ 15 ఘనపు మీటర్లు మోస్తుందనుకుంటే 40,000 ట్రిప్పులు. వెళ్లిరావడం కలిపితే ఊరి రోడ్డు మీద 80,000 సార్లు బండి తిరుగుతుంది. ఆ గ్రావెల్ కోసం మూడు మీటర్ల లోతున తవ్వితే ఎక్కడో 50 ఎకరాల నేల గుంటగా మారుతుంది. మెరక చేసేది ముత్తుకూరు వైపైతే గుంట పడేది లోపలి మండలాల్లోని ఏ ఎర్రనేల దిబ్బ మీదనో, ఏ చెరువు పోరంబోకులోనో. 100 ఎకరాల ప్రాజెక్టు నిజానికి 150 ఎకరాల నేలను మారుస్తోంది. ఆ 50 ఎకరాల ప్రస్తావన నివేదికలో ఉందా, అది ఏ ఊరి సర్వే నంబరు, గనుల శాఖ అనుమతి ఎవరి పేరున ఉంది అన్నవి మొదటి ప్రశ్నల్లోకి రావాలి.

ఆపై వాన. మెరక చేసి కాంక్రీటు పరిచిన 100 ఎకరాల మీద ఒక రోజులో 200 మిల్లీమీటర్ల వాన పడితే 8 కోట్ల లీటర్ల నీరు చేరుతుంది. తుఫాను వేళ నెల్లూరు జిల్లాకు అంత వాన కొత్తేమీ కాదు. ఇంతకు ముందు ఆ నీటిలో కొంత ఇసుకలో ఇంకేది. కొంత కయ్యల్లో, అంటే వరి మడుల్లో, నిలిచి మెల్లగా కాలవలోకి దిగేది. ఇప్పుడు అది గంటల్లో పక్క పొలాల మీదకో, పాలెం మీదకో పోతుంది. అదీగాక పైనుంచి వచ్చే నీరు ఈ మెరకకు తగిలి వెనక్కు ఎక్కుతుంది. చెరువు కలుజు నుంచి బయల్దేరిన మిగులు నీరు వాగై, వాగు ఉప్పుటేరై, ఉప్పుటేరు సముద్రంలో కలవడమనేది ఈ తీరంలో నీటి నడక. మధ్యలో బకింగ్‌హాం కాలువ అడ్డంగా ఉంది. రైలు కట్టలు, రేవుకు వేసిన నాలుగు వరుసల రోడ్లు ఉన్నాయి. ప్రతి కట్టా కొంచెం కొంచెం నీటిని ఆపుతూ వచ్చింది. ఇక వచ్చే మెరక వీటికి తోడవుతుంది.

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. 16వ నంబరు జాతీయ రహదారి తెగింది. దేశానికి ఉత్తర దక్షిణాలను కలిపే దారులకే ఆ గతి పట్టిందంటే, నీరు తన దారి తాను వెతుక్కునే వేళ గోదాము ప్రహరీ ఎంత? ప్రహరీ నిలిచినా నష్టమే. ఆగిన నీరు ఎదుటి పొలంలోకి పోతుంది.

కాబట్టి నివేదికలో చూడాల్సిన ముఖ్యమైన పటం మట్టాల పటం. ఆ స్థలం ఇప్పటి ఎత్తు, మెరక తర్వాతి ఎత్తు, చుట్టూ కనీసం రెండు మూడు కిలోమీటర్ల నేల ఎత్తు, వాగులూ కాలవలూ తూములూ అన్నీ ఒకే పటం మీద ఉండాలి. వాన నీరు కాలువల ద్వారా బయటికి పంపుతాం అన్న వాక్యం చాలదు. ఏ కాలవలోకి, ఆ కాలవ ఎంత నీరు పట్టగలదు, నవంబరులో అది అప్పటికే నిండి ఉంటే ఏమవుతుంది? సముద్రం పోటు మీదుంటే ఉప్పుటేరు నీరు బయటికి పోదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఆ ఊళ్లో వల వేసే ఎవరినడిగినా చెబుతారు. ఆ మాట నివేదికలోకి రావాలి.

ఏ నెలలో కొలిచారు

గాలి, నీరు, నేల నాణ్యతను వానకాలం కాని ఒక ఋతువులో మూడు నెలల పాటు కొలిచి నివేదికలో పెట్టడం ఆనవాయితీ. సాధారణంగా మార్చి నుంచి మే వరకో, డిసెంబరు తర్వాతో కొలుస్తారు. దేశంలో చాలా చోట్ల ఈ పద్ధతి కొంతవరకు సరిపోవచ్చు. నెల్లూరు తీరానికి అది సరిపోదు. ఇక్కడ ఏడాది వానలో సగానికి మించి ఈశాన్య రుతుపవనాల్లో, అంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో పడుతుంది. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుఫాను, 2015 నవంబరు వరదలు, 2021 నవంబరు వరద, 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటుతూ నెల్లూరునూ ముంచెత్తిన మిచాంగ్ తుఫాను అన్నీ ఆ మూడు నెలల్లోనివే. ఏప్రిల్‌లో తీసిన ఫొటోలో ఎండి బీటలు వారిన నేల కనిపిస్తుంది. దాని కింద ‘బంజరు’ అని రాయడం తేలిక. అదే నేల కార్తీకంలో మోకాలి లోతు నీళ్లతో, కొంగలతో నిండి ఉంటుంది.

గాలి కూడా అంతే. వేసవి మధ్యాహ్నాలు దాటాక సముద్రం మీది గాలి లోపలికి కొడుతుంది. ఎండలు ముదిరాక పడమటి గాలి వడిగా వీస్తుంది. శీతాకాలపు తొలి నెలల్లో ఈశాన్యం నుంచి వస్తుంది. బొగ్గు కుప్ప ఉన్న యార్డు నుంచి దుమ్ము ఏ నెలలో ఏ ఊరి మీద పడుతుందో దీన్ని బట్టి మారుతుంది. కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లు బొగ్గు దుమ్ము గురించి ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నాయి. ఉలవపాడు వైపు మామిడి తోటలకు పూత వచ్చే నెలల్లో గాలి ఎటు వీస్తుందన్నది తోట రైతుకు బతుకు ప్రశ్న. పూత మీద దుమ్ము పడితే పిందె నిలవదన్న రైతుల భయాన్ని ఏడాది సగటు గాలి నాణ్యత అంకె తీర్చలేదు. బొగ్గుకు పైకప్పున్న షెడ్డు వేస్తారా, ఆరుబయట కుప్ప పోసి నీళ్లు చల్లుతామంటారా? నీళ్లు చల్లితే వేసవిలో ఆ నీళ్లు ఎక్కడివి, చల్లాక నల్లగా పారేది ఎక్కడ ఆగుతుంది? కుప్ప పోసిన బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది కూడా. ఇవన్నీ విడివిడిగా జవాబు రావాల్సిన ప్రశ్నలు.

ఇసుక కింద నీళ్లు

తీరం వెంట ఇసుక నేలల్లో దొరువు తవ్వుకొని నీళ్లు తోడుకోవడం తరతరాల అలవాటు. నాలుగైదు అడుగులు తీస్తే తియ్యటి నీరు. ఆ నీటితోనే వేరుశనగ, కూరగాయలు, నారుమళ్లు, సరుగుడు మొక్కలు. సముద్రానికి అంత దగ్గరగా తియ్యటి నీరు ఎలా ఉంటుందంటే, ఇసుకలో ఇంకిన వాన నీరు తేలికైనది కాబట్టి బరువైన ఉప్పు నీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుందన్నది స్థూలమైన లెక్క. ఈ లెక్కను తిప్పి చదివితే గుండె ఝల్లుమంటుంది. పైన నీటి మట్టం ఒక అడుగు తగ్గితే కింద నుంచి ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు.

నిల్వ కేంద్రం ఈ నీటికి రెండు వైపుల నుంచి దెబ్బ. కాంక్రీటు పరిస్తే వాన ఇంకదు. అగ్నిమాపక నీటి కోసమో, దుమ్ము మీద చల్లడానికో బోరు వేస్తే ఉన్నది తగ్గుతుంది. ఇక ట్యాంకు అడుగున తుప్పు పట్టి చమురు కారిందంటే ఇసుకలో దాన్ని ఆపేది ఏదీ లేదు. బంకమట్టి నేలలో కారిన చమురు అక్కడక్కడే చాలాకాలం ఉంటుంది. ఇసుకలో అది రోజుల్లో నీటిని చేరుతుంది. నీటి పైన తేలే ఆ చమురు దొరువులోనే మొదట కనిపిస్తుంది. అందుచేత ట్యాంకుల చుట్టూ కట్టే గట్టు ఎత్తు ఎంతో చెబితే చాలదు. గట్టు లోపలి నేలకు పొర ఏం వేస్తున్నారు, ప్రహరీ బయట పరీక్ష బోర్లు ఎన్ని, వాటి నీటిని ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు, ఆ ఫలితం పంచాయతీకి ఇస్తారా అన్నవి అడగాలి. ఒంగోలు, కందుకూరు వైపు నల్లరేగడిలో సమస్య మరోలా ఉంటుంది. వేసవిలో బీటలు తీసి, వానకు ఉబ్బే ఆ నేల మీద పునాది సరిగా లేకపోతే ట్యాంకు ఒక పక్కకు కుంగుతుంది.

పామాయిల్ విషం కాదు, వంటనూనే. ప్రమాదకర రసాయనాల పట్టికలో అది కనిపించదు. కానీ పెద్ద మొత్తంలో కండలేరు ఉప్పుటేరులోకి పోతే నీటి మీద పొరై గాలి అందనివ్వదు. కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. ట్యాంకులు కడిగిన నీరు కూడా ఇదే పని చేస్తుంది. ఉప్పుటేర్లు చేపపిల్లలు, రొయ్యపిల్లలు పెరిగే చోట్లు. పట్టికలో లేదన్నంత మాత్రాన నష్టం లేదని కాదు.

నెల్లూరు ఈ సంగతి ఒకసారి చూసింది. 1990ల మొదట్లో రొయ్యల గుంటలు తీరమంతా పరుచుకున్నప్పుడు పక్క కయ్యలు చౌడెక్కాయి, తాగునీరు ఉప్పగా మారింది. చివరికి దేశంలో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పాల్సి వచ్చింది. అప్పుడూ ఒక్కొక్క గుంట విడిగా చూస్తే చిన్నదే.

రికార్డులో లేని వాడకం

భూవినియోగం అధ్యాయంలో ఒక వలయం ఉంటుంది. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల వలయం గీసి, ఉపగ్రహ చిత్రాన్ని బట్టి సాగుభూమి ఇంత శాతం, బీడు ఇంత శాతం, నీరు ఇంత శాతం అని చూపిస్తారు. ఆ వలయం వైశాల్యం 314 చదరపు కిలోమీటర్లు. 100 ఎకరాల ప్రాజెక్టు అందులో 0.13 శాతం. ఏ ప్రాజెక్టునైనా ఈ వలయంలో పెడితే చిన్నదిగానే కనిపిస్తుంది. పైగా తీరంలో గీసిన వలయంలో దాదాపు సగం సముద్రమే! ఈ శాతాలు ఊరికి ఏమీ చెప్పవు. ఒక పాలెం ప్రజలు వాడుకునే నేల మొత్తం 300 ఎకరాలైతే అందులో 100 పోవడమంటే మూడో వంతు పోవడం. భాజకం ఊరి భూమి కావాలి, వలయం కాకూడదు.

ఆ ఊరి భూమి ఎంతన్నదీ రికార్డులు పూర్తిగా చెప్పవు. ఊరి సాగు రికార్డైన అడంగల్‌లో సాగుదారు పేరుంటుంది. మేత పోరంబోకులో జొడిపి రకం గొర్రెలను మేపుకునే వాళ్ల పేరుండదు. వలలు ఆరేసుకునే ఇసుక తిన్నెకు, పడవలు లాగి పెట్టుకునే ఒడ్డుకు సర్వే నంబరుంటే ఉంటుంది, వాడుకునే పట్టపుపాలెం (జాలర్ల పాలెం) పేరుండదు. ఉప్పుటేరు ఒడ్డున పీతలు, చేపలు పట్టుకొని బతికే యానాదుల పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ ఉండవు. వాళ్ల గుడిసెలు ఉన్న నేల సైతం కాగితాల మీద వాగు పోరంబోకు. ఉప్పు కొఠార్లలో పనిచేసే కూలీలకు భూమి పోతే పరిహారం వచ్చే దారి లేదు, ఎందుకంటే భూమి వాళ్లది కాదు. ప్రాజెక్టు వల్ల నిర్వాసితులెవరూ లేరు అన్న వాక్యం ఇలాంటి చోట్ల అక్షరాలా నిజమై, జీవితంలో పూర్తిగా అబద్ధమవుతుంది. ఈ వ్యాసం చెప్పదలచిన విషయాల్లో దీనికన్నా బరువైనది లేదు. భూమి పోయిన రైతుకు చాలినా చాలకపోయినా ఒక చెక్కు వస్తుంది. దారి పోయిన జాలరికి, మేత పోయిన కాపరికి, ఏరు పోయిన యానాదికి ఏమీ రాదు.

ఊరి ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించి గ్రామానికి అప్పగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఉమ్మడి భూమిని ఖాళీ భూమిగా లెక్కగట్టే ప్రతిపాదన ముందు ఆ తీర్పును గుర్తుచేయాలి.

2013 భూసేకరణ చట్టం బహుళ పంటలు పండే సాగునీటి భూములను వేరే దారి లేనప్పుడే తీసుకోమంటుంది. సామాజిక ప్రభావ అంచనా జరగాలంటుంది. పైన చెప్పిన మేత, వల, ఏరు వాడకాలు రికార్డుకెక్కే అవకాశం ఉన్నది ఆ అంచనాలోనే. కానీ ఆంధ్రప్రదేశ్ 2018లో చేసుకున్న సవరణ పారిశ్రామిక కారిడార్ల వంటి కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది. మినహాయింపు వాడుకుంటే భూమి తీసుకునే వేగం పెరుగుతుంది, తెలుసుకోవడం తగ్గుతుంది. 2025లో ఉలవపాడు మండలం కరేడు రైతులు భూసేకరణకు ఎదురు తిరిగినప్పుడు చెప్పిన మాట ఏడాదికి రెండు మూడు పంటలు తీసే నేల ఇది అని. నేల గుణం ఎంతటిదో ముందే ఊళ్లోకి వెళ్లి రాసుకొని ఉంటే ఆ మాట రోడ్డెక్కి చెప్పాల్సిన అవసరం వచ్చేది కాదు.

ఎంత భూమి నిజంగా కావాలన్నది మరో ప్రశ్న. కొడవలూరు మండలం రాచర్లపాడు దగ్గర ఎరువుల కర్మాగారం కోసం 1990ల్లో రెండు వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. ఆ కర్మాగారం రాలేదు. తర్వాత ఆ భూమి కిసాన్ సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) అయింది. నిల్వ కేంద్రాల ప్రతిపాదనల్లో భవిష్యత్ విస్తరణ అని కేటాయించే ఎకరాలను విడిగా చూడాలి. రోజుకు ఎన్ని టన్నులు వస్తాయి, సరుకు సగటున ఎన్ని రోజులుంటుంది అన్న రెండు అంకెలిస్తే ఎంత స్థలం కావాలో ఎవరైనా లెక్క కట్టొచ్చు. ఆ రెండు అంకెలు ఇవ్వకుండా ఎకరాలు అడిగితే అది భూమి కోసమే అడగడం.

నిల్వ ఉన్నదే ప్రమాదం

తెలుగు నేల మీద జరిగిన పెద్ద రసాయన ప్రమాదాల్లో రెండింటిలో తప్పు నిల్వ దగ్గరే జరిగింది. 1997 సెప్టెంబరులో విశాఖ హెచ్‌పీసీఎల్ చమురుశుద్ధి కర్మాగారంలో మండింది వంటగ్యాస్ నిల్వ. 60 మంది దాకా చనిపోయారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురాన్ని ఉక్కిరిబిక్కిరి చేసింది లాక్‌డౌన్‌లో వాడకం లేక ట్యాంకులో ఉండిపోయిన స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడి రసాయనం. ప్రాణాలు పోయినవాళ్లు 12 మంది. 2009 అక్టోబరులో జైపూర్ ఇంధన డిపోలో పెట్రోలు ఆవిరి మేఘమై పేలి రోజుల తరబడి మండింది. 2020 ఆగస్టులో బీరూట్ రేవు గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. తయారీ దగ్గర కాదు, నిల్వ దగ్గర జరిగిన ఘోరాలివి.

తుఫాను తీరానికి ఇంకో ప్రమాదం ఉంది. ఉప్పెన నీరు గట్టు దాటితే, సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పడవలా లేస్తుంది. 2005లో కత్రినా తుఫానప్పుడు అమెరికాలోని లూసియానాలో ఇలాగే ఒక ముడిచమురు ట్యాంకు పునాది మీద నుంచి లేచి, 25,000 పీపాల చమురు ఇళ్ల మధ్యకు పారింది. 2004 డిసెంబరు సునామీ నెల్లూరు, ప్రకాశం తీరాలను తాకింది. ఉప్పెన ఎంత ఎత్తు వస్తుందని లెక్క వేశారు, హెచ్చరిక వచ్చాక ట్యాంకులను ఏ మేరకు నింపుతారు, ఎవరు నింపుతారు, ఆ గంటల్లో కరెంటు లేకపోతే ఎలా అన్నవి అత్యవసర ప్రణాళికలో పేరుపేరునా ఉండాలి.

దూరం సంగతి. అనుమతి నాడు చుట్టూ ఇళ్లు లేవని రాస్తారు. పదేళ్లకు ఆ గేటు ముందే టీ అంగళ్లు, లారీల పార్కింగు, కూలీల గదులు, ప్లాట్లు వస్తాయి. ప్రమాదం ఎంత దూరం పాకుతుందో లెక్క కట్టిన గీత నివేదికలో ఉంటుంది. అదే గీతను పంచాయతీ లేఅవుట్లు మంజూరు చేసే పటం మీదా గీయకపోతే దానికి అర్థం లేదు. ఆ గీత లోపల పడ్డ పట్టా భూమి యజమాని ఇల్లు కట్టుకునే హక్కు కోల్పోతాడు కాబట్టి ఆ నష్టాన్ని భరించాల్సింది ప్రాజెక్టే. గీత తన ప్రహరీ లోపలే ఆగేంత స్థలం తీసుకోవాలి, లేదా సరుకు తగ్గించుకోవాలి.

సభకు ముందు, అనుమతి తర్వాత

ప్రజాభిప్రాయ సేకరణ సభకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్, జిల్లా పరిషత్, పరిశ్రమల కేంద్రం, స్థానిక సంస్థల కార్యాలయాల్లో చూసుకోవడానికి ఉండాలి. సారాంశం తెలుగులో ఉండాలి. సారాంశంలో సరుకుల పేర్లుంటాయి, మట్టాల పటమూ ప్రమాదపు గీతా సాధారణంగా ఉండవు. అవి వెనక అనుబంధాల్లో, ఇంగ్లిషులో ఉంటాయి. ఆ 30 రోజుల్లో ఊరి నుంచి ఎవరైనా వెళ్లి ఆ రెండు పటాల నకలు తెచ్చుకోవడం సభలో గంట ఉపన్యాసం కంటే ఎక్కువ పని చేస్తుంది. వీలైతే తమ ఊరి వరద ఫొటోలు తేదీలతో సహా జతచేసి రాతపూర్వకంగా ఇవ్వాలి. రాసి ఇచ్చిన అభ్యంతరానికి తుది నివేదికలో జవాబు చూపించాల్సి ఉంటుంది.

అనుమతి వచ్చాక సరుకు మారుతుంది. బొగ్గు కోసం తీసుకున్న యార్డులో మరేదో పోస్తారు. వంటనూనె ట్యాంకు అద్దెకు పోయి అందులో వేరే ద్రవం చేరుతుంది. ప్రమాదకర సరుకైతే దానికి అనుమతిని సవరించుకోవాలి. ఆ సవరణ సంగతి ఊరికి తెలిసే దారి పెద్దగా లేదు కాబట్టి, ఏ రోజు ఏ సరుకు ఎంత ఉందో గేటు బయట తెలుగులో బోర్డు పెట్టాలన్న షరతును సభలోనే కోరాలి.

అనుమతి షరతులు ఎలా పాటిస్తున్నారో ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీల్లో నివేదిక ఇవ్వాలి. డిసెంబరు నివేదిక మామూలుగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు జరిగింది చెబుతుంది. నవంబరు వరదకు వాన నీరు ఎటు పారింది, ఏ కయ్యలో నిలిచింది అన్నది వచ్చే జూన్ నాటి నివేదికలో రావాలి. ఆ నివేదికను పంచాయతీ అడిగి తీసుకొని, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాలవల ఫొటోలు అందులో ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే కాలుష్య నియంత్రణ మండలికి, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి ఆ నెలలోనే రాయాలి, తర్వాతి వానలకు ఇంకా నాలుగు నెలలు ఉండగానే.